తవ్వకాల్లో బైబిల్: ఏం దొరికింది, ఏం దొరకలేదు?

(స్టూడియో చర్చలో కొంత భాగం)

యాంకర్: తవ్వకాలతో బైబిల్ మొత్తం రుజువైపోయిందని ఒక వీడియో, అంతా కట్టుకథేనని ఇంకో వీడియో. రెండూ ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. మేడమ్, అసలు సంగతేంటి?

చరిత్ర అధ్యాపకురాలు: రెండూ తొందరపాటు మాటలేనండి. ఏ సంఘటనకా సంఘటన విడిగా చూడాలి. క్రీ.పూ. 701 తీసుకోండి. అష్షూరు (అస్సీరియా) రాజు సన్హెరీబు, యెరూషలేము రాజధానిగా ఉన్న యూదా రాజ్యం మీద దండెత్తాడని బైబిల్ చెబుతుంది. 1830లో అతని రాజధాని నీనెవె శిథిలాల్లో దొరికిన ఆరు ముఖాల మట్టి దిమ్మె మీద సన్హెరీబే ఆ సంగతి రాయించుకున్నాడు. 46 కోట పట్టణాలు పట్టానని, యూదా రాజు హిజ్కియాను యెరూషలేములో పంజరంలో పక్షిలా బంధించానని.

పాస్టర్: హిజ్కియా అతనికి కట్టిన కప్పం లెక్క కూడా చెప్పండి మేడమ్.

అధ్యాపకురాలు: బంగారం 30 తలాంతులని (తలాంతు అంటే అప్పటి బరువు కొలత) బైబిల్‌దీ, శాసనానిదీ ఒకే మాట. వెండి దగ్గరే తేడా: హెబ్రీ బైబిల్‌లో 300, అష్షూరు శాసనంలో 800.

యాంకర్: మరి యెరూషలేము పడిపోయిందా?

అధ్యాపకురాలు: పట్టుకున్నానని సన్హెరీబు ఎక్కడా అనలేదు. నీనెవె రాజభవనంలో గొప్పగా చెక్కించుకున్నది యూదాలోని కోట పట్టణం లాకీషు ముట్టడిని. ఆ ముట్టడికి అతని సైన్యం పోసిన రాళ్ల కట్ట లాకీషులో ఇప్పటికీ ఉంది. కానీ దేవదూత ఒక్క రాత్రిలో అష్షూరు సైనికులు 1,85,000 మందిని హతం చేశాడని బైబిల్ చెప్పేది తవ్వి తేల్చే విషయం కాదు.

పాస్టర్: అది విశ్వాసం. దానికి నేను రాళ్ల సాక్ష్యం అడగను. నన్ను కదిలించేది యెరూషలేములో నీళ్ల కోసం తొలిచిన సిలోయము సొరంగంలో 1880లో బయటపడ్డ శాసనం. రెండు వైపుల నుంచి తొలుచుకొస్తున్న కూలీలకు రాతి అవతల తోటివాడు పిలిచే గొంతు వినబడిందట. ఎదురెదురుగా కొట్టుకుంటూ వచ్చి కలిశారు, నీళ్లు పారాయి!

అధ్యాపకురాలు: అందులో హిజ్కియా పేరు లేదని కూడా చెప్పాలండి. లిపిని బట్టి, బైబిల్‌లోని రాజుల గ్రంథంలో హిజ్కియా కాలువ ప్రస్తావనను బట్టి ఆయన కాలానిదేనని ఎక్కువమంది పండితులు అంటారు.

యాంకర్: యెహోషువ నాయకత్వంలో ఇశ్రాయేలీయులు చుట్టూ తిరిగితే కూలాయని బైబిల్ చెప్పే యెరికో గోడల సంగతి?

అధ్యాపకురాలు: 1950ల్లో పురావస్తు శాస్త్రవేత్త కాథ్లీన్ కెన్యన్ అక్కడ తవ్వారు. కూలిన గోడలున్నాయి. కానీ ఆ నగరం నాశనమైంది క్రీ.పూ. 1550 ప్రాంతంలోనని ఆమె తేల్చారు. యెహోషువ కాలమని సాధారణంగా చెప్పే రోజులకు అక్కడ ప్రాకారమున్న పట్టణం ఆమెకు కనబడలేదు.

యాంకర్: పాస్టర్ గారూ, సంఘంలో పిల్లలు అడిగితే?

పాస్టర్: ఉన్నదున్నట్టు చెబుతాను. ఆ కాలనిర్ణయాన్ని ఒప్పుకోనివాళ్లున్నారని, వాళ్లు తక్కువమందేనని కూడా చెబుతాను. నా బాధ వేరే. ఇశ్రాయేలీయులను తరుముతూ మునిగిపోయిందని బైబిల్ చెప్పే ఐగుప్తు రాజు ఫరో సైన్యం రథచక్రాలు ఎర్రసముద్రం అడుగున దొరికాయని ప్రసంగాల్లో చెప్పేస్తున్నారు. ఎవరు తవ్వారు, నివేదిక ఏదని అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. పుల్పిట్ మీద నుంచి అలాంటివి చెప్పడం ఆపాలి.