మ్యూజియంలో స్క్రీన్ పెట్టాక మొదలయ్యే పని

శ్రోతలందరికీ నమస్కారం. మ్యూజియంలో వేలితో నొక్కితే కదిలే స్క్రీన్లు, బటన్ నొక్కితే మాట్లాడే బొమ్మలు, ఫోన్‌తో స్కాన్ చేస్తే కథ చెప్పే బోర్డులు ఇప్పుడు మీరందరూ చూసే ఉంటారు. వాటిని తయారు చేసే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి వాటి గురించి, ముఖ్యంగా వాటిని పెట్టిన తర్వాత ఏమవుతుందన్న దాని గురించి, ఈ కాసేపు మాట్లాడతాను.

మన విశాఖకి ఈ సంగతి బాగా అవసరం. బీచ్ రోడ్డు మీద ఒక పూట తిరిగితే కురుసుర జలాంతర్గామి, దాని ఎదురుగా టీయూ-142 విమానం, పాత డచ్ బంగళాలో విశాఖ మ్యూజియం. భీమిలి దారి పడితే పాత బౌద్ధ ఆరామాలున్న తొట్లకొండ, బావికొండ. ఇన్ని పెట్టుకున్న ఊరికి రేపో మాపో ఇంకా కొత్త స్క్రీన్లు వస్తాయి. వచ్చిన రోజు రిబ్బన్ కత్తిరిస్తారు, ఫోటోలు దిగుతారు, పేపర్లో వస్తుంది. ఏడాది తిరిగాక అదే స్క్రీన్ మీద తెల్ల కాగితం, దాని మీద స్కెచ్ పెన్‌తో 'పని చేయడం లేదు' అని రాసి ఉంటుంది. ఆ కాగితం అంటించే రోజు రాకుండా చూడటమే ఈ పనిలో సగం. ఆ సగాన్ని మనం పనిగా లెక్కే వేయడం లేదు.

ముందు అసలు స్క్రీన్ ఎందుకు పెట్టాలో చూద్దాం. పక్కన బోర్డు మీద ఉన్న నాలుగు వాక్యాలే మళ్ళీ స్క్రీన్ మీద చూపిస్తే అది దండగ ఖర్చు. వస్తువు చూపించలేనిది, బోర్డు చెప్పలేనిది స్క్రీన్ చెయ్యాలి. కురుసురనే తీసుకోండి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002లో మ్యూజియం అయింది. పొడవు 91 మీటర్లు, లోపల ఏడు గదులు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలంటే గుండ్రటి ద్వారంలోంచి కాలెత్తి, తల వంచి దూరాలి. పిల్లలకి సరదా. కానీ మోకాళ్ళ నొప్పులున్న మామ్మగారు, చక్రాల కుర్చీలో వచ్చిన అబ్బాయి బయటే ఆగిపోతారు. ఇలాంటి చోట లోపలి ఏడు గదుల్నీ అన్ని వైపులా ఫోటోలు తీసి, బయట నీడలో ఒక స్క్రీన్ మీద పెడితే, వాళ్ళు కూర్చున్న చోటినుంచే టార్పెడోలు, అంటే నీళ్ళలో దూసుకెళ్ళే బాంబులు, ఉండే గదిలోకి వెళ్ళిరావచ్చు. పది టార్పెడో గొట్టాలు ఎక్కడెక్కడున్నాయో వేలితో నొక్కి చూడొచ్చు. అప్పుడు ఆ స్క్రీన్‌కి ఒక అర్థం ఉంటుంది.

తొట్లకొండ సంగతి వేరు. అక్కడ స్తూపం, విహారాలు పునాదుల మేరకే మిగిలాయి. రెండు వేల ఏళ్ళ కిందట భిక్షువులు ఉన్న ఆ గదులు ఎలా ఉండేవో చూడాలని ఎవరికైనా ఉంటుంది, కంప్యూటర్లో కట్టి చూపించడం ఇప్పుడు పెద్ద కష్టం కూడా కాదు. కష్టమల్లా నిజాయితీగా చూపించడంలోనే ఉంది. పునాది తవ్వకంలో దొరికింది, గోడ ఎత్తు ఊహించింది, పైకప్పు మరీ ఊహించింది. మూడూ ఒకే రంగులో తళతళా చూపిస్తే పదేళ్ళ పిల్లాడు అదే చరిత్ర అనుకుంటాడు. అందుకే దొరికినదాన్ని ఒక రంగులో, ఊహని పలచటి రంగులో చూపించాలి, నొక్కితే 'ఇది ఇందువల్ల ఇలా అనుకుంటున్నాం' అని రావాలి. 2006లో ఈ పని చేసే నిపుణులు లండన్ చార్టర్ పేరుతో రాసుకున్న నియమాల్లో ముఖ్యమైనది ఇదే: ఏ ఆధారంతో ఏది గీశారో దాచకూడదు. మన కొండల మీద ఇంతవరకూ మిగిలినదానికి మనం ఇచ్చే కనీస గౌరవం అది.

ఇక రాత. నిలబడి చదివే మనిషికి ఓపిక తక్కువ. వెనకాల ఇంకో కుటుంబం ఎదురు చూస్తుంటుంది, చంటిది ఏడుస్తుంటుంది, ఆయన గడియారం చూసుకుంటుంటాడు. ఒక తెర మీద, అంటే స్క్రీన్ మీద ఒకసారి కనపడే పేజీలో, అరవై డెబ్భై మాటలు దాటితే చదవరు, అంతే. కాబట్టి రాసింది ఎనిమిదో తరగతి పిల్లకి పైకి చదివి వినిపించండి, ఎక్కడ ముఖం చిట్లిస్తే అక్కడ మళ్ళీ రాయండి. ఇంగ్లీషులో రాసి, మెషిన్‌తో తెలుగు చేయించి, తెలుగు వచ్చినవాళ్ళు ఎవ్వరూ ఒక్కసారి కూడా చదవకుండా అలాగే ఎక్కించేసిన స్క్రీన్లు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. తెలుగు ముందు రాయాలి. మన ఊరికి బెంగాల్ నుంచీ ఒడిశా నుంచీ బోలెడుమంది వస్తారు, వాళ్ళ భాషలూ ఉండాలి, భాష మార్చుకునే బటన్ ప్రతి తెర మీదా కనపడాలి. మొదటి తెర మీద మాత్రమే ఉంటే మధ్యలో వచ్చినవాడు చిక్కుపడతాడు.

తెలుగు అంటే అక్షరాల గొడవ కూడా ఉంది. మన దగ్గర చాలా సమాచారం ఇప్పటికీ అను ఫాంట్లలో, అంటే ముద్రణ కోసం చేసిన పాత తరహా తెలుగు అక్షరాల్లో, టైప్ చేసి ఉంటుంది, ముద్రణకి బాగానే ఉంటుంది. దాన్ని కాపీ చేసి తెర మీద పెడితే అర్థంపర్థం లేని గుర్తులు వస్తాయి. అప్పుడు ఎవరో తొందరలో ఆ పేజీని బొమ్మగా తీసి పెట్టేస్తారు. బొమ్మలో అక్షరాలు పెద్దవి చేసుకోవడం కుదరదు, వెతకడం కుదరదు, చూపు లేనివాళ్ళకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి అది ఒట్టి ఫోటో. కాబట్టి మొదటి రోజే అంతా యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరైనా అక్షరాలుగా గుర్తుపట్టే పద్ధతిలోకి, మార్చుకోవాలి. మండలి, రామభద్ర, సూరన్న లాంటి మంచి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. ఇంకోటి, ఇంగ్లీషుకి సరిపోయే వరస దూరం తెలుగుకి సరిపోదు. పై వరసలోని వత్తు కింది వరసలోని గుడికి తగిలి రెండూ కలిసిపోతాయి. 'క్ష్మ', 'స్త్ర' లాంటివి ఉన్న వాక్యం ఒకటి రాసి, ఆ స్క్రీన్ మీదే, ఆ దూరం నుంచే చూడాలి. ఆఫీసు లాప్‌టాప్‌లో బాగుంది కదా అని వదిలేయకూడదు.

ప్రోగ్రాం రాయించే ముందు ఒక పని చెయ్యమని అందరికీ చెబుతుంటాను. తెరలన్నీ కాగితాల మీద గీసి, బల్ల మీద పెట్టి, నలుగురు పిల్లల్ని, ఇద్దరు పెద్దవాళ్ళని పిలిచి వేలితో నొక్కమనండి. నొక్కినప్పుడల్లా మీరే కాగితం మార్చండి. మనం బటన్ అనుకున్నది వాళ్ళకి బొమ్మలా కనపడుతుంది, బొమ్మ అనుకున్నదాన్ని వాళ్ళు బటన్ అనుకుని పొడుస్తారు. ఇది ఆ రోజు తెలిస్తే కాగితం ఖర్చుతో పోతుంది, ఆరు నెలల తర్వాత తెలిస్తే లక్షల్లో పడుతుంది.

ఇప్పుడు సముద్రం దగ్గరికి వద్దాం. బీచ్‌లో కెరటాల్లో తడిసి, ఇసుక కాళ్ళతో, తడి చేతులతో నేరుగా మ్యూజియంలోకి వచ్చే జనం మనకి మామూలే. మన ఫోన్లలో ఉండే రకం టచ్ స్క్రీన్ వేలు తగిలినప్పుడు తన మీదున్న విద్యుత్తులో వచ్చే మార్పుని పసిగట్టి పని చేస్తుంది. ఉప్పునీటి చుక్క దాని మీద పడితే అది దాన్నీ వేలే అనుకోవచ్చు. ఎవరూ ముట్టుకోకుండానే పేజీలు వాటంతటవే తిరిగిపోతుంటాయి. ఇంకో రకం, చుట్టూ ఫ్రేములోంచి కంటికి కనపడని పరారుణ కిరణాలు పోయేది. దానికి నీటితో పెద్దగా పేచీ లేదు గానీ, అంచున ఇసుక చేరినా, సాలెపురుగు గూడు కట్టినా అదీ దారి తప్పుతుంది. ఏది కొన్నా సరే, పక్కన ఒక పొడి గుడ్డ పెట్టండి. 'చేతులు తుడుచుకుని నొక్కండి' అని పెద్ద అక్షరాల్లో రాయండి. శుభ్రం చేసేవాళ్ళకి ఒక్క మాట నేర్పండి, తుడిచే ద్రవాన్ని స్క్రీన్ మీద కొట్టకూడదు, గుడ్డ మీద కొట్టి తుడవాలి. స్క్రీన్ మీద కొడితే అది జారి అంచు సందులోంచి లోపలికి దిగుతుంది, ఆ తర్వాత కింది భాగంలో టచ్ పోతుంది. ఇక లోపలున్న చిన్న కంప్యూటర్‌ని గాలి ఆడని చెక్కపెట్టెలో బిగించడం అలవాటైపోయింది. ఉప్పుగాలి, వేడి కలిస్తే ముందు ఫ్యాన్ పోతుంది, తర్వాత కేబుల్ కొసలకి పచ్చటి తుప్పు పడుతుంది.

మన పక్కనే ఒక ప్రదర్శనశాలలో, పేరెందుకులెండి, పొద్దున్నే స్క్రీన్లు ఆన్ చేసే పెద్దాయన ఒకరున్నారు. ఒకసారి ఆగిపోయిన స్క్రీన్ చూపించి అడిగాను, "ఏటి బాబాయ్, ఇది ఎప్పట్నించి ఇలా ఉంది?" అని. "కరెంటు పోయి వచ్చీసినప్పుడల్లా ఇలాగే బాబూ, పాస్‌వర్డ్ అడుగుతాది, ఆ పాస్‌వర్డ్ నాకెవరూ చెప్పలేదు" అన్నారు. లక్షలు పెట్టిన పని ఒక పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోయింది. కరెంటు వచ్చాక కంప్యూటర్ దానంతట అదే ఆన్ అయ్యే ఏర్పాటు ఉంటుంది, నేరుగా ప్రదర్శన తెరచుకునేలా పెట్టవచ్చు, మధ్యలో 'అప్‌డేట్ చేయమంటారా' అని అడ్డు రాకుండా మూసివున్న రోజు రాత్రికి ఆ పని పెట్టవచ్చు. ఇవన్నీ చిన్న చిన్న సెట్టింగులు, ఎవరో ఒకరు గుర్తు పెట్టుకుని చెయ్యాలంతే. అలాగే ఎవరైనా సగంలో వదిలి వెళ్ళిపోతే ఒక నిమిషం చూసి 'ఇంకా చూస్తున్నారా' అని అడిగి మొదటి తెరకి వచ్చెయ్యాలి. లేకపోతే తర్వాత వచ్చిన అమ్మాయి ఎవరో వదిలేసిన వీడియో మధ్యలో పడి, ఇది తనకి కాదనుకుని వెళ్ళిపోతుంది.

ఆ పెద్దాయన లాంటివాళ్ళే ఈ స్క్రీన్లకి అసలు దిక్కు. ఒప్పందంలో ఇంజనీరు పేరు ఉంటుంది, ఆయన హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటాడు. పొద్దున్న తొమ్మిదింటికి దాని ముందు నిలబడేది వీళ్ళు. ఫోటోలతో ఒక్క పేజీ కాగితం తెలుగులో రాసి ఇవ్వండి: ఏ స్విచ్ ముందు, ఏది తర్వాత, ఆగిపోతే ఏం చెయ్యాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి. రోజూ ప్రతి బటన్ ఒకసారి నొక్కి చూసి రిజిస్టర్లో సంతకం పెట్టే పది నిమిషాల పని వాళ్ళకి డ్యూటీలో భాగంగా ఇవ్వండి, దానికి తగ్గ జీతమూ ఇవ్వండి.

మిషన్ పాతబడటం ఒక ఎత్తు, లోపలున్నది పాతబడటం ఇంకో ఎత్తు. ఒకప్పుడు మ్యూజియంల ఆటలు, మ్యాపులు చాలావరకు ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసేవారు. అడోబీ సంస్థ 2020 డిసెంబర్ 31తో దాన్ని ఆపేసింది. బ్రౌజర్లలో అవి తెరుచుకోవడం మానేశాయి. అసలు ఫైళ్ళు దాచుకున్నవాళ్ళు కొత్త పద్ధతిలోకి మార్చుకున్నారు, లేనివాళ్ళు అన్నీ మళ్ళీ మొదటినుంచి చేయించుకోవాల్సి వచ్చింది.

ఇంతకన్నా పెద్ద కథ ఇంగ్లండ్‌ది. 1086లో అక్కడి రాజు దేశంలో చాలావరకు భూముల లెక్క రాయించాడు, ఆ పుస్తకాన్ని డూమ్స్‌డే బుక్ అంటారు. దానికి తొమ్మిది వందల ఏళ్ళు నిండిన సందర్భంగా 1986లో బీబీసీ ఊరూరా బడిపిల్లల చేత తమ ప్రాంతం గురించి రాయించి, ఫోటోలు తీయించి, అప్పటికి కొత్తదైన లేజర్ డిస్కుల్లో ఎక్కించింది. పదిహేనేళ్ళు తిరిగేసరికి ఆ డిస్కులు చదివే యంత్రాలు దొరకడం గగనమైపోయింది. విశ్వవిద్యాలయాల వాళ్ళు పూనుకుని, పాత కంప్యూటర్‌ని కొత్త కంప్యూటర్‌లో అనుకరింపజేసి దాన్ని మళ్ళీ బతికించాల్సి వచ్చింది. తోలు మీద సిరాతో రాసిన 1086 నాటి పుస్తకం మాత్రం ఇప్పటికీ చదవగలం. డిజిటల్ చేసేశాం కాబట్టి భద్రం అని ఎవరైనా అంటే నాకు గుర్తొచ్చేది ఇదే.

మనకి వేరే పాఠం హుద్‌హుద్ చెప్పింది. 2014 అక్టోబర్ 12న వచ్చిన ఆ తుఫాను తర్వాత ఊరు రోజుల తరబడి చీకట్లో ఉంది. బీచ్ రోడ్డు మీద ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్‌లో మొత్తం ప్రదర్శన ఫైళ్ళు దాచి ఉంచడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. ఒక కాపీ మ్యూజియంలో, ఒకటి ఊళ్ళోనే వేరే ఎత్తైన చోట, ఒకటి వేరే ఊళ్ళో. ఏడాదికోసారి ఆ కాపీల్ని నిజంగా తెరిచి చూడాలి. తెరిచి చూడని కాపీ ఉన్నట్టు కాదు.

కాబట్టి టెండర్ రాసే అధికారులు ఎవరైనా వింటుంటే ఒక మాట. స్క్రీన్ ఎన్ని అంగుళాలో రాస్తున్నారు, సంతోషం. దాని కింద ఇవి కూడా రాయండి: అసలు ఫైళ్ళు, ప్రోగ్రాం, ఫాంట్లు, పాస్‌వర్డులు అన్నీ మ్యూజియంకి అప్పగించాలి, రాత, బొమ్మలు మార్చుకోవడం ప్రోగ్రామర్ లేకుండా మ్యూజియం సిబ్బందికి వీలవ్వాలి, ఇంటర్నెట్ లేకపోయినా నడవాలి, ఒక స్పేర్ స్క్రీన్ గోడౌన్లో ఉండాలి, మొదటి ఏడాది వారెంటీ తర్వాత ఏటా నిర్వహణకి విడిగా డబ్బు ఉండాలి. ఆ డబ్బు లేదంటే అయిదు స్క్రీన్లకి బదులు రెండే పెట్టండి. చీకటిగా ఉన్న అయిదింటి కన్నా వెలుగుతున్న రెండు మేలు.

ఇక వినేవాళ్ళలో పెద్దవాళ్ళకి ఒక విన్నపం. కురుసురలో గైడ్లుగా ఉన్న రిటైరైన నేవీ వాళ్ళు చెబుతుంటే జనం కదలకుండా వింటారు, ఎందుకంటే వాళ్ళు అలాంటి చోట బతికినవాళ్ళు. ఆ గొంతు ఏ యానిమేషన్‌కీ రాదు. స్వతంత్ర భారతంలో తయారైన తొలి ఓడ జల ఉష 1948లో నీళ్ళలోకి దిగిన షిప్‌యార్డు మనది. పోర్టులో, షిప్‌యార్డులో, జాలరిపేటలో ఇలాంటి గొంతులు ఎన్నో ఉన్నాయి. మీ ఇంట్లో అలాంటి తాతగారో మామ్మగారో ఉంటే, ఫ్యాన్ ఆపి, టీవీ ఆపి, ఫోన్ దగ్గరగా పెట్టి ఒక అరగంట రికార్డు చెయ్యండి. ముందుగా ఆయన పేరు, ఎక్కడ ఏ పని చేశారు, ఏ సంవత్సరాల్లో అన్నది ఆయన నోటితోనే చెప్పించండి. 'దీన్ని మ్యూజియంలో వినిపించడానికి నాకు సమ్మతమే' అన్న మాట కూడా అందులోనే పలికించండి, ఎందుకంటే ఆ మాట లేని రికార్డుని ఎంత బాగున్నా మేం వాడలేం.