మాట్ డంబాను కాపాడుకోవడానికి ఎంత ఖర్చయింది? ఎన్‌హెచ్‌ఎల్ శాలరీ క్యాప్, ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్ట్ లెక్కలు

[తెర మీద: మిన్నెసోటా వైల్డ్, 2023-24 జీతాల పట్టిక. అడుగున రెండు పేర్లు ఎర్ర రంగులో]

ఎన్‌హెచ్‌ఎల్ అంటే ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్. 2023-24 సీజన్లో అందులో జట్టు ఏదైనా ఆటగాళ్ల మీద గరిష్ఠంగా 8.35 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టొచ్చు. ఈ పరిమితినే శాలరీ క్యాప్ అంటారు. మిన్నెసోటా వైల్డ్‌కూ అదే పరిమితి. కానీ ఆ జట్టు ఖాతాలో దాదాపు 1.47 కోట్ల డాలర్లు ఇద్దరు మనుషుల పేరు మీద ఇరుక్కుపోయి ఉన్నాయి. ఒకరు జాక్ పారిసే, ఇంకొకరు రయన్ సూటర్. ఇద్దరూ అప్పటికి రెండేళ్లుగా మిన్నెసోటాకు ఆడటమే లేదు. సూటర్ డల్లాస్‌లో, అదే లీగ్‌లో, అదే డివిజన్‌లో మిన్నెసోటాకు ఎదురు నిలబడి ఆడుతున్నాడు.

ఉన్న డబ్బులో ఆరో వంతు కంటే ఎక్కువ, జట్టులో లేనివాళ్లకు! ఇదెలా జరిగిందో తెలిస్తే ఐస్ హాకీ జట్టును నడిపే మేనేజర్ బుర్రలో ఏం తిరుగుతుంటుందో చాలావరకు తెలిసినట్టే. ఇవాళ్టి వీడియోలో ఆ ఒక్క జట్టునే, అందులో మాట్ డంబా అనే డిఫెన్స్‌మన్ కథనే పట్టుకుని వెళ్దాం.

[తెర మీద: 2005 – 3.9 కోట్లు, 2023 – 8.35 కోట్లు, 2025 – 9.55 కోట్లు]

ముందు క్యాప్ సంగతి. 2004-05లో జట్ల యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ జీతాల దగ్గర పేచీ వచ్చి మొత్తం సీజన్ రద్దయింది. ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. ఆ గొడవ ముగిశాక వచ్చిందే శాలరీ క్యాప్. మొదటి ఏడాది 3.9 కోట్ల డాలర్లు. లీగ్ ఆదాయంతో పాటు పెరుగుతూ వచ్చి 2025-26కి 9.55 కోట్లు అయింది. దీన్ని హార్డ్ క్యాప్ అంటారు. కొన్ని లీగుల్లో పన్ను కట్టి పరిమితి దాటొచ్చు, ఇక్కడ ఆ దారి లేదు. యజమాని ఎంత కోటీశ్వరుడైనా గీత గీతే. కింద కూడా ఒక గీత ఉంటుంది, అంతకంటే తక్కువ ఖర్చు పెట్టినా ఒప్పుకోరు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆటగాడికి ఆ ఏడాది చేతికిచ్చే జీతం వేరు, క్యాప్‌లో రాసే అంకె వేరు. క్యాప్‌లో రాసేది సగటు. కాంట్రాక్టు మొత్తాన్ని ఏళ్లతో భాగిస్తే వచ్చే అంకె. దాన్ని క్యాప్ హిట్ అంటారు. మన కథలో తిప్పలన్నీ ఈ తేడా దగ్గర నుంచే వచ్చాయి.

[తెర మీద: 2012 జులై 4. రెండు కాంట్రాక్టులు పక్కపక్కన]

2012 జులై 4న పారిసే, సూటర్ ఇద్దరూ మిన్నెసోటాతో అచ్చుగుద్దినట్టు ఒకే కాంట్రాక్టు మీద సంతకం చేశారు. 13 ఏళ్లు, 9.8 కోట్ల డాలర్లు. ఒక్కొక్కరికి. జీతం ఎలా పంచారో చూడండి. మొదటి రెండేళ్లు ఏటా 1.2 కోట్లు, మూడో ఏడాది 1.1 కోట్లు. తర్వాత ఐదేళ్లు 90 లక్షల చొప్పున. ఆపై 80, 60, 20. చిట్టచివరి రెండేళ్లూ 10 లక్షల చొప్పున.

నలభై ఏళ్ల ఆటగాడికి 10 లక్షలిచ్చే ఆ చివరి ఏళ్లు ఎందుకు తగిలించినట్టు? సగటు దించడానికి. 9.8 కోట్లను 13తో భాగిస్తే ఏటా దాదాపు 75 లక్షలే పడుతుంది. 1.2 కోట్లు తీసుకుంటున్న ఏడాది కూడా క్యాప్‌లో 75 లక్షలే. అప్పటి రూల్స్ ప్రకారం ఇందులో తప్పేమీ లేదు, చాలా జట్లు చేసిన పనే. లీగ్‌కు మాత్రం ఒళ్లు మండింది. 2013లో వచ్చిన కొత్త ఒప్పందంలో కాంట్రాక్టులను ఎనిమిదేళ్లకు కుదించింది. అంతటితో ఆగలేదు. పాత దీర్ఘకాలిక కాంట్రాక్టుల్లో ఉన్నవాళ్లు గడువుకు ముందే రిటైరైతే, అప్పటిదాకా మిగుల్చుకున్న క్యాప్‌ను జట్టు దగ్గర తిరిగి వసూలు చేస్తామంది.

ఆ కాంట్రాక్టులో ఇంకో వాక్యం కూడా ఉంది. నో మూవ్‌మెంట్ క్లాజ్. అంటే ఆటగాడు ఒప్పుకోకుండా అతన్ని ఇంకో జట్టుకు ఇవ్వకూడదు, కింది లీగ్‌కు పంపకూడదు. నో ట్రేడ్ క్లాజ్ అని ఇంకోటి ఉంటుంది, అది దీనికంటే మెత్తనిది. ఈ రెంటినీ కలిపేసుకోకండి, తేడా ఇప్పుడే తెలుస్తుంది.

[తెర మీద: 2017 – వేగాస్ గోల్డెన్ నైట్స్, ప్రవేశ రుసుము 50 కోట్ల డాలర్లు]

2017లో లాస్ వేగాస్‌కు కొత్త జట్టు వచ్చింది. కొత్త జట్టుకు ఆటగాళ్లు ఎక్కడి నుంచి రావాలి? ఉన్న జట్ల నుంచే. మనకు ఐపీఎల్‌లో 2022కి ముందు జరిగింది గుర్తుందిగా. పాత జట్లు నలుగురి దాకా అట్టిపెట్టుకున్నాక, గుజరాత్, లక్నో వేలానికి ముందే ముగ్గురు చొప్పున ఎంచుకున్నాయి. సన్‌రైజర్స్ చేయి జారిన రషీద్ ఖాన్‌ను గుజరాత్ 15 కోట్ల రూపాయలకు పట్టుకెళ్లింది. ఎన్‌హెచ్‌ఎల్ పద్ధతిలో వేలం లేదు. ఉన్న 30 జట్లలో ప్రతి దాని నుంచీ వేగాస్ ఒక్కో ఆటగాణ్ని, కాంట్రాక్టుతో సహా, ఎత్తుకుపోతుంది. దీన్నే ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్ట్ అంటారు.

పాత జట్లకు రెండు దారులిచ్చారు. ఏడుగురు ఫార్వర్డ్‌లు, ముగ్గురు డిఫెన్స్‌మెన్, ఒక గోలీని, అంటే గోల్‌కీపర్‌ను, కాపాడుకోవచ్చు. లేదంటే ఏ స్థానం వాళ్లయినా సరే ఎనిమిది మంది, ఒక గోలీ. ప్రొఫెషనల్‌గా మొదటి రెండేళ్లలో ఉన్న కుర్రాళ్ల జోలికి వేగాస్ రాకూడదు. ఇక అసలు ముడి: నో మూవ్‌మెంట్ క్లాజ్ ఉన్నవాళ్లను జట్టు కాపాడి తీరాలి. ఆటగాడే ఆ హక్కు వదులుకుంటే తప్ప. నో ట్రేడ్ క్లాజ్ మాత్రమే ఉంటే ఈ బలవంతం లేదు.

[తెర మీద: మిన్నెసోటా డిఫెన్స్ – సూటర్, స్పర్జన్, బ్రోడిన్, డంబా, స్కాండెల్లా. మూడు పెట్టెలు]

మిన్నెసోటాకు మంచి డిఫెన్స్‌మెన్ ఐదుగురు. పెట్టెలు మూడు. సూటర్‌కు క్లాజ్ ఉంది కాబట్టి ఒక పెట్టె ముందే నిండిపోయింది. మిగతా రెండూ స్పర్జన్, బ్రోడిన్‌లకు. మాట్ డంబా, మార్కో స్కాండెల్లా బయట. ఫార్వర్డ్‌లలోనూ అదే పరిస్థితి. పారిసే, కోయివు, పోమిన్‌విల్‌లకు క్లాజులుండటంతో ఎరిక్ స్టాల్, ఎరిక్ హౌలా కూడా బయటే మిగిలారు.

అప్పుడు మిన్నెసోటా వేగాస్‌తో బేరం పెట్టింది. మీరు హౌలాను తీసుకోండి, మిగతావాళ్ల జోలికి రావద్దు. అందుకు బదులుగా అలెక్స్ టక్‌ను ఇస్తాం అని. ఏటా కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ ఒకటి ఉంటుంది, టక్ 2014లో అందులో మొదటి రౌండ్‌లో ఎంపికైన కుర్రాడు. అతనికి బదులుగా మిన్నెసోటాకు దక్కింది మూడో రౌండ్ పిక్ ఒకటి, అంటే ఆ డ్రాఫ్ట్‌లో మూడో రౌండ్‌లో ఎంచుకునే ఒక వంతు, అదీ షరతుల మీద. అంటే పోవాల్సింది ఒక్కడు, పోయింది ఇద్దరు. హౌలా మరుసటి సీజన్లో వేగాస్‌కు 29 గోల్స్ కొట్టాడు.

బేరం పూర్తిగా దండగని అనను. బయట మిగిలిన స్టాల్ ఆ సీజన్లోనే మిన్నెసోటాకు 42 గోల్స్ కొట్టాడు. అతను పోయుంటే ఆ దెబ్బ ఇంకోలా ఉండేది. కానీ ఒక్క విషయం చూడండి. వేగాస్ డ్రాఫ్ట్ జూన్ 21న అయిపోయింది. కష్టపడి దక్కించుకున్న స్కాండెల్లాను జూన్ 30న మిన్నెసోటా తనంతట తానే బఫలోకు ఇచ్చేసింది. తొమ్మిది రోజులు!

[తెర మీద: ఫ్లోరిడా, కొలంబస్, పిట్స్‌బర్గ్ లోగోలు వేగంగా]

ఆ వేసవిలో భయపడింది మిన్నెసోటా ఒక్కటే కాదు. కొలంబస్ జట్టు, మొదటి రౌండ్ పిక్, రెండో రౌండ్ పిక్, గాయంతో ఆడలేకపోతున్న క్లార్క్‌సన్ కాంట్రాక్టు అన్నీ వేగాస్ చేతిలో పెట్టి, మా దగ్గర విలియమ్ కార్ల్‌సన్‌ను తీసుకోండి చాలు అంది. అంతకుముందు ఏడాది ఆరు గోల్స్ కొట్టిన కార్ల్‌సన్ వేగాస్‌లో 43 కొట్టాడు. ఫ్లోరిడా నలుగురు డిఫెన్స్‌మెన్‌ను కాపాడుకోవాలని ఎనిమిది మంది దారి ఎంచుకుంది. దాంతో 30 గోల్స్ కొట్టిన జొనాథన్ మార్షెసో బయటపడ్డాడు. అతను పోవడమే కాదు, ఏటా 50 లక్షల క్యాప్ హిట్ ఉన్న రైలీ స్మిత్‌ను కూడా నాలుగో రౌండ్ పిక్‌కు వేగాస్‌కే వదిలించుకుంది. ఆ వేగాస్ మొదటి సీజన్లోనే లీగ్ ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ ఫైనల్‌కు వెళ్లింది. 2023లో కప్పు గెలిచింది. ఫైనల్లో ఓడింది ఎవరనుకున్నారు, ఫ్లోరిడానే. ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడు మార్షెసో.

పిట్స్‌బర్గ్ ఒక్కటే పని సాఫీగా ముగించుకుంది. గోలీ మార్క్ ఆండ్రే ఫ్లూరీ తన క్లాజ్‌ను తానే వదులుకున్నాడు, కుర్ర గోలీ మర్రీ జట్టులో ఉండిపోయాడు. అక్కడ కూడా వేగాస్‌కు ఒక రెండో రౌండ్ పిక్ ఇచ్చుకోక తప్పలేదు.

[తెర మీద: 2021 జులై 13]

ఇప్పుడు 2021. సియాటిల్‌కు క్రాకెన్ జట్టు వస్తోంది. రుసుము 65 కోట్లు, రూల్స్ మాత్రం అవే. మిన్నెసోటాలో మేనేజర్ మారాడు, ఇప్పుడు బిల్ గెరిన్. తలనొప్పి మాత్రం మారలేదు. సూటర్, స్పర్జన్, బ్రోడిన్ ముగ్గురికీ ఇప్పుడు నో మూవ్‌మెంట్ క్లాజ్ ఉంది. మూడు పెట్టెలూ నిండాయి. బయట ఎవరున్నారు? మళ్లీ మాట్ డంబా.

డ్రాఫ్ట్‌కు ఎనిమిది రోజుల ముందు గెరిన్ పారిసే, సూటర్ ఇద్దరినీ బై అవుట్ చేశాడు. అంటే కాంట్రాక్టు తెంచేసి, మిగిలిన జీతంలో మూడింట రెండు వంతులు, మిగిలిన ఏళ్లకు రెట్టింపు ఏళ్లలో చెల్లించడం. లెక్క నెమ్మదిగా చూద్దాం, కథంతా ఇక్కడే ఉంది.

[తెర మీద: ఒక్కొక్క వరుసా వస్తుంది]

ఒక్కొక్కరికి నాలుగేళ్లు మిగిలాయి. జీతాలు 60, 20, 10, 10 లక్షలు, మొత్తం కోటి డాలర్లు. అందులో మూడింట రెండు వంతులంటే 66.7 లక్షలు. ఎనిమిదేళ్లకు పంచితే ఏటా 8.33 లక్షలు. చేతి నుంచి పోయే డబ్బు ఇంతే. యజమానికి ఇది బేరమే.

క్యాప్ లెక్క వేరు. అక్కడ పాత సగటు 75.4 లక్షలు అలాగే ఉంటుంది. అందులోంచి ఆ ఏడాది జీతంలో ఎంత మిగిలిందో అంతే తీసేస్తారు. 2021-22లో 60 లక్షలు ఇవ్వాల్సిన చోట 8.33 ఇచ్చారు, బాగా మిగిలింది, కాబట్టి క్యాప్‌లో పడింది ఒక్కొక్కరికి 23.7 లక్షలే. 2023-24లో ఇవ్వాల్సిందే 10 లక్షలు. 8.33 ఇచ్చారు, మిగిలింది 1.67. అందుకని క్యాప్‌లో 73.7 లక్షలు పడింది. ఇద్దరికీ కలిపి 1.47 కోట్లు. 2024-25లోనూ అంతే. 2012లో సగటు దించడానికి తగిలించిన ఆ 10 లక్షల ఏళ్లే తిరిగొచ్చి మెడకు చుట్టుకున్నాయి.

గెరిన్‌ది తెలివితక్కువతనమా? నేను అలా అనను. ఇద్దరికీ అప్పటికి 36 ఏళ్లు. ఉంచుకుంటే, గడువుకు కాస్త ముందు రిటైరైతే పడే ఆ వసూలు శిక్ష ఇంకా ఘోరంగా ఉండొచ్చు. బై అవుట్ చేస్తే ఆ భయం పోతుంది. ఎప్పుడు ఎంత పడుతుందో ముందే తెలుస్తుంది. పైగా సూటర్ పెట్టె ఖాళీ అయింది. అందులో డంబాను పెట్టారు. సియాటిల్ కార్సన్ సూసీని తీసుకుని వెళ్లిపోయింది.

[తెర మీద: సియాటిల్ డ్రాఫ్ట్, 2021 జులై 21]

ఈసారి మిగతా జట్లు కూడా బుద్ధి తెచ్చుకున్నాయి. మీకిది ఇస్తాం, అతని జోలికి రావద్దు అనే పక్క ఒప్పందం డ్రాఫ్ట్ రోజున ఒక్కటీ ప్రకటించలేదు. పోతే ఒకడే పోతాడు, పోనీ అనుకున్నాయి. మాంట్రియల్ అయితే ఇంకో అడుగు వేసింది. ఆ నెలలోనే ముగిసిన ఫైనల్ దాకా జట్టును తెచ్చిన గోలీ కేరీ ప్రైస్ తన క్లాజ్ వదులుకున్నాడు, జట్టు అతన్ని బయట పెట్టేసింది. ఏటా 1.05 కోట్లు, ఇంకా ఐదేళ్ల కాంట్రాక్టు. దాన్ని సియాటిల్ మోయదని లెక్క. నిజంగానే ముట్టుకోలేదు. మోకాలి గాయంతో ప్రైస్ ఆ తర్వాత ఆడింది ఐదు మ్యాచ్‌లే. పక్క ఒప్పందాల ఆదాయం లేని సియాటిల్ మొదటి ఏడాది డివిజన్లో అట్టడుగున మిగిలింది. రెండో ఏడాది వంద పాయింట్లు కొట్టిందనుకోండి, అది వేరే వీడియో.

మరి డంబా? 2023లో కాంట్రాక్టు ముగిసింది. మిన్నెసోటా క్యాప్‌లో చోటు లేదు, ఎందుకు లేదో ఇప్పుడు మీకు తెలుసు. అతను అరిజోనాకు వెళ్లిపోయాడు. మిన్నెసోటాకు బదులుగా ఏమీ రాలేదు. 2017లో ఇచ్చేసిన టక్‌ను వేగాస్ 2021లో బఫలోకు ఇచ్చి జాక్ ఐకెల్‌ను తెచ్చుకుంది. 2023 ప్లేఆఫ్స్‌లో అందరికంటే ఎక్కువ పాయింట్లు, అంటే గోల్స్, అసిస్ట్‌లు కలిపి, ఐకెల్‌వే.

అన్నట్టు సూటర్‌ను 2024లో డల్లాస్ కూడా బై అవుట్ చేసింది. డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఉండే మన తెలుగువాళ్లకు ఆ జట్టు ప్రాక్టీస్ చేసే స్టేడియం తెలిసే ఉంటుంది.

[తెర మీద: మిన్నెసోటా 2025-26 పట్టిక. ఎర్ర పేర్ల పక్కన 8.33 లక్షలు]

2025-26తో మిన్నెసోటా భారం ఒక్కసారిగా దిగింది. 1.47 కోట్లు కాస్తా దాదాపు 16.7 లక్షలైంది. 2025 సెప్టెంబరు 30న కిరిల్ కప్రిజోవ్‌కు ఎనిమిదేళ్లకు 13.6 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చారు. ఏటా 1.7 కోట్లు. ఈసారి సగటు దించే తోకలేమీ లేవు, రూల్స్ ఒప్పుకోవు కూడా. పారిసే, సూటర్ పేర్లు మాత్రం 2028-29 దాకా ఆ పట్టికలోనే ఉంటాయి. మీకు నచ్చిన జట్టు పట్టిక చూడాలనుకుంటే పక్‌పీడియా వెబ్‌సైట్ తెరవండి. ఇంతకుముందు అందరం వాడిన క్యాప్‌ఫ్రెండ్లీని 2024లో వాషింగ్టన్ క్యాపిటల్స్ జట్టే కొనేసి మూసేసింది.