ఫోన్‌లో బైబిల్, హాల్లో చార్జర్

తమ్ముడు: అందరికీ వందనాలు. విశాఖ నుంచి మళ్ళీ మేమే. పోయిన వారం చెప్పినట్టు ఈ రోజు విషయం, టీవీలోనూ ఫోన్‌లోనూ ఏది చూడొచ్చో ఏది చూడకూడదో విశ్వాసి ఎలా తేల్చుకోవాలన్నది. అక్కా, రాత్రి ఫోన్ చార్జర్ ఎక్కడ పెట్టాలన్న సంగతి చివర్లో మాట్లాడదాం.

అక్క: చివర్లో ఎందుకు? ఫోన్ రాత్రి ఎక్కడ ఉంటుందో తేలకుండా అందులో ఏం చూడాలో మాట్లాడి ఏం లాభం?

తమ్ముడు: (నవ్వు) నువ్వే గెలిచావు. సరే, కానీ.

అక్క: మంచం పక్క ప్లగ్గులోంచి చార్జర్ తీసి హాల్లో పెట్టండి. అందరి ఫోన్లూ అక్కడే, అమ్మానాన్నలవి కూడా. అలారం కావాలంటే బ్యాటరీ గడియారం కొనుక్కోండి. ఫోన్ తలగడ దగ్గరుంటే అలారం ఆపిన వేలే వాట్సాప్ తెరుస్తుంది. ఇంక ప్రార్థనకి కూర్చున్నా మనసు ఆ మెసేజీల దగ్గరే ఉంటుంది.

తమ్ముడు: ఇప్పుడు విషయంలోకి వద్దాం. ఫిలిప్పీయులకు 4:8 అందరికీ తెలుసు. ఏవి సత్యమైనవో, ఏవి పవిత్రమైనవో వాటిమీద ధ్యానముంచమని. దాన్ని తీసుకెళ్ళి సినిమాకి కొలబద్దలా పెడితే చాలామంది ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నారు. బూతు ఉందా, రక్తం ఉందా? బైబిల్లో న్యాయాధిపతులు 19 చదవండి, ఒక స్త్రీని రాత్రంతా చెరిచి చావుకి వదిలేసిన కథ, అంత ఘోరం ఏ సినిమాలో ఉంది? అక్కడ చెడుని చెడుగానే చూపించారు, చదివినవాడి గుండె బరువెక్కుతుంది. అదే తెరమీద స్లో మోషన్‌లో పాటపెట్టి చూపిస్తే మనం చప్పట్లు కొడతాం. ఎంత చూపించారన్నదే కాదు, చూసి దేన్ని ఇష్టపడ్డాం అన్నది అడగాలి.

అక్క: దాని పక్కనే మొదటి కొరింథీయులకు 6:12 పెట్టు. "నేను దేనిచేతను లోపరచుకొనబడనొల్లను." మంచి వీడియోలకి కూడా లోబడిపోవచ్చు. మూడు గంటలు వరసగా ప్రసంగాలు చూసి, పక్కింట్లో జబ్బుపడ్డ మనిషిని చూడ్డానికి వెళ్ళకపోతే అది కూడా బానిసత్వమే.

తమ్ముడు: బాగా చెప్పావు. ఇక్కడే ఒక శ్రోత అడిగింది చదువుతాను. "ఆరాధనలో ఫోన్‌లో బైబిల్ చదవొచ్చా?" చదవొచ్చు. తర్వాతి ప్రశ్నకి...

అక్క: ఆగాగు. అంత తేలిగ్గా చదవొచ్చు అనేస్తావేంటి?

తమ్ముడు: వాక్యం వాక్యమే కదక్కా, కాగితం మీదున్నా అద్దం మీదున్నా.

అక్క: వాక్యం మారదు, చదివేవాడి కళ్ళు మారతాయి. పాస్టర్ గారు రోమా 8 తీయమంటారు. నువ్వు తీస్తావు. రెండో వచనంలో ఉండగా పైనుంచి ఒక నోటిఫికేషన్ జారుతుంది. తెరవకపోయినా పేరు చదివేస్తావు, చదివాక ఎందుకు పెట్టారా అని మనసు అటు పోతుంది. మళ్ళీ చూసేసరికి ఆయన పదిహేనో వచనంలో ఉంటారు. కాగితం బైబిల్‌కి ఆ ఇబ్బంది లేదు.

తమ్ముడు: అది సెట్టింగ్ లోపం. మందిరం మెట్లెక్కే ముందే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టాలి. ముందు రోజు ఇంట్లోనే తెలుగు అనువాదం డౌన్‌లోడ్ చేసుకోవాలి. లేకపోతే నెట్ ఆపగానే పేజీ తెరుచుకోదు, మళ్ళీ నెట్ వేస్తారు, కథ మొదటికొస్తుంది. ఇంట్లో జబ్బు మనిషి ఉండి కాల్ రావాల్సిన వాళ్ళు డోంట్ డిస్టర్బ్ పెట్టుకోండి. అందులో రిపీట్ కాలర్స్ అని ఉంటుంది, ఆండ్రాయిడ్‌లో అయితే పదిహేను నిమిషాల్లో అదే నంబరు రెండోసారి చేస్తే మోగుతుంది.

అక్క: ఎంతమంది చేస్తారు ఇదంతా? సంఘంలో వందమందికి నేర్పుతావా?

తమ్ముడు: నేర్పుదాం! సండే స్కూల్ తర్వాత పావుగంట చాలు.

అక్క: ఇంకోటుంది. ఫోన్‌లో ఎవరూ పుటలు తిప్పరు, వచనం వెతుకుతారు. "భయపడకుము" అని టైప్ చేస్తే ముక్కలు ముక్కలుగా వస్తాయి. ఎవరు ఎవరితో అన్నారో, ముందేం జరిగిందో ఉండదు. దేవుడు మేలు చేస్తానని చెప్పే యిర్మీయా 29:11 ఒక్కటీ స్టేటస్‌లో పెట్టుకుంటారు. పైనున్న పదో వచనంలో బబులోనులో డెబ్బై ఏళ్ళు గడవాలని ఉందని ఎంతమంది చూశారు? పుస్తకమైతే పదో వచనం కంటికి అడ్డంగా ఉంటుంది.

తమ్ముడు: ఇది ఒప్పుకుంటాను. కాని...

అక్క: మన ఊరినే చూడు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు, క్రాన్, డే గ్రాంజెస్, ఇక్కడికొచ్చి తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే క్రైస్తవుడి సాయంతో సువార్తలు తెలుగు చేశారు. మత్తయి, మార్కు, లూకా 1812లో బెంగాల్‌లోని సేరంపూర్‌లో అచ్చయ్యాయి. అచ్చయ్యేసరికి ఆ ఇద్దరు దొరలూ చనిపోయారు. ఆ కాగితం కోసం ప్రాణాలు పెట్టిన ఊరిది.

తమ్ముడు: 1805 వచ్చేసింది! సరే, ఆ లెక్కనే అడుగుతాను. 1812లో ఆ పుస్తకం చేతికొస్తే చదవగలిగిన వాళ్ళెందరు? ఒకరు చదివితే పదిమంది వినాలి. "వినుట వలన విశ్వాసము కలుగును", రోమా 10:17. ఇవాళ చదువురాని మత్స్యకార అమ్మ ఫోన్‌లో ఆడియో బైబిల్ పెట్టుకుని లూకా మొత్తం వింటోంది. కళ్ళు మసకబారిన తాతగారు అక్షరం బొటనవేలంత చేసుకుని చదువుతున్నారు. నైట్ షిఫ్ట్ దిగి స్టీల్ ప్లాంట్ బస్సులో కూర్చున్నవాడు చెవిలో కీర్తనలు వింటున్నాడు. వాళ్ళందర్నీ ఫోన్ పక్కన పెట్టమంటావా?

అక్క: ...అననురా. వాళ్ళని అనను.

తమ్ముడు: మరి?

అక్క: చూపున్నవాళ్ళకి, చదువొచ్చినవాళ్ళకి అంటాను. ముఖ్యంగా యవ్వనస్థులకి. పెద్దవాళ్ళ ఫోన్ వేరు, పదహారేళ్ళ పిల్లాడి ఫోన్ వేరు. పక్కనున్న తల్లికి వాడు బైబిల్ చూస్తున్నాడో క్రికెట్ స్కోర్ చూస్తున్నాడో తెలీదు. అనుమానం మొదలవుతుంది. ఆరాధనలో తల్లి కళ్ళు కూడా వాడి ఫోన్ మీదకే పోతాయి. నెహెమ్యా 8లో ఎజ్రా ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివితే జనం చెవియొగ్గి విన్నారు. ఆ శ్రద్ధ పిల్లలకి రావాలంటే చేతిలో వేరే దారి ఉండకూడదు.

తమ్ముడు: అయితే మందిరంలో ప్రతి బల్ల మీదా రెండు బైబిళ్ళు ఉంచాలి. తెచ్చుకోని వాడిని తప్పుపట్టే బదులు చేతికివ్వాలి.

అక్క: ఆమేన్. అది పెద్దలకి చెప్పు.

తమ్ముడు: మిగతా ప్రశ్నలు గబగబా. "యాప్ టైమర్ పెట్టినా ఆగట్లేదు." ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ టైమర్ పెట్టిన చేత్తోనే తీసేయొచ్చు, అర్ధరాత్రి దాటితే మళ్ళీ మొదట్నుంచీ లెక్క. పైగా యూట్యూబ్ యాప్ ఆగితే క్రోమ్‌లో తెరుస్తారు. దానికంటే యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ ఆపి, పాతది చెరిపేయండి. హోమ్ పేజీ దాదాపు ఖాళీ అయిపోతుంది, కావల్సింది వెతుక్కుంటేనే వస్తుంది. ఆటోప్లే విడిగా ఆపాలి. ఫోన్‌లో ఆపితే టీవీలో ఆగదు, టీవీలో మళ్ళీ ఆపాలి. లైవ్ ఆరాధన అయిపోయాక అమ్మమ్మ రిమోట్ ముట్టకుండానే ఎవరో ప్రార్థన నూనె అమ్మే ప్రసంగీకుడు వచ్చేది అందుకే.

అక్క: నెల రోజులు చార్జర్ హాల్లో పెడితే సగం టైమర్లు అక్కర్లేదు.

తమ్ముడు: (నవ్వు) రాసుకున్నాం. ఆఖరిది, సంఘం వాట్సాప్ గ్రూపు. "ప్రార్థన మనవి అని ఆసుపత్రి ఫొటోలు పెడుతున్నారు, ఏం చేయాలి?"

అక్క: ఇది నాకు బాధ. ముక్కులో గొట్టంతో ఉన్న మనిషి ఫొటో, ఆయనకి తెలీకుండా రెండొందల మంది ఫోన్లలోకి వెళ్ళిపోతోంది. మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆన్‌లో ఉంటే పిల్లల గ్యాలరీలోకి కూడా. ఆయన లేచాక ఆ ఫొటో ఎవరు చెరుపుతారు? పేరు, ఏం కావాలో ఒక్క వాక్యం చాలు, అదీ ఇంటివాళ్ళు సరేనన్నాకే. గ్రూపు సెట్టింగ్స్‌లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చి, మనవులు ఒకరికి పంపిస్తే వాళ్ళు చూసి పెట్టాలి.

తమ్ముడు: రెండు బాణాల గుర్తుతో వచ్చే ఫార్వర్డులు కూడా ఆగుతాయి. ఆ గుర్తుందంటే చాలా చేతులు మారి వచ్చిందని. ఒకసారికి ఒక చాట్‌కే పంపనిస్తుంది, అయినా మనవాళ్ళు ఓపిగ్గా ఒక్కొక్కరికీ...

అక్క: అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ ఫార్వర్డుకి కూడా వర్తిస్తుందని ఎవరైనా గట్టిగా బోధించాలి.

తమ్ముడు: దాని మీద ఒక వారం మాట్లాడదాం. పాటల బృందం వచ్చేసింది, గది ఖాళీ చేయాలి. అక్కా, ఆ మైకు ఆపు.