రాసింది ఒకటి, చదివింది ఇంకొకటి: యెహోవా అన్న పేరు వెనక కథ

అందరికీ నమస్కారం. తెలుగు బైబిల్లో 23వ కీర్తన మొదటి మాట మీలో చాలామందికి తెలుసు. "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు." చర్చి గడప తొక్కనివాళ్ల చెవిన కూడా ఎప్పుడో ఒకప్పుడు పడే ఉంటుంది. ఇదే కీర్తనని ఇంగ్లిష్‌లో కింగ్ జేమ్స్ బైబిల్ తీసి చూడండి, "ద లార్డ్ ఈజ్ మై షెపర్డ్" అని ఉంటుంది. పక్కనే ఉన్న తమిళంలో "కర్త్తర్" అంటారు. కన్నడ, మలయాళం, హిందీ పాత అనువాదాల్లో మళ్లీ మనలాగే యెహోవా. వచనం ఒక్కటే, కొన్ని భాషల్లో పేరు కనిపిస్తోంది, కొన్నింట్లో బిరుదు కనిపిస్తోంది.

ఈ తేడా మీద నెట్‌లో బోలెడు గొడవ నడుస్తుంటుంది. ఒక వర్గం, "యెహోవా అన్నది మధ్యయుగంలో ఎవరో తప్పు చదవడం వల్ల పుట్టింది, అసలు అది పేరే కాదు" అంటుంది. ఇంకో వర్గం, "అదే అసలు పేరు, ప్రభువు అని రాసినవాళ్లంతా కావాలనే దాచేశారు" అంటుంది. ఇద్దరూ ఒక చిన్న సంగతి వదిలేస్తున్నారని నాకనిపిస్తుంది. పాత నిబంధన మూలభాష అయిన హీబ్రూలో ఈ పేరు దగ్గర రాసింది ఒకటి, పైకి చదివింది ఇంకొకటి. అనువాదకుల్లో ఎక్కువమంది చదివినదాన్నే తర్జుమా చేశారు. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతాదంతా దారిలో పడుతుంది.

ముందు ఆ రాసింది ఏమిటో చూద్దాం. స్క్రీన్ మీద ఉన్నవి నాలుగు హీబ్రూ అక్షరాలు. కుడి నుంచి ఎడమకి చదవాలి: యోద్, హే, వావ్, హే. అంటే య, హ, వ, హ. హీబ్రూ పాత నిబంధనలో ఈ నాలుగక్షరాల పేరు సుమారు 6,800 సార్లు వస్తుంది. చిక్కేమిటంటే పాత హీబ్రూ రాతలో హల్లులే ప్రధానం, అచ్చుల గుర్తులు ఉండవు. మనం గుణింతాలు లేకుండా క, ల అని మాత్రమే రాశామనుకోండి. అది కలా, కాలా, కూలీయా, కీలా? భాష వచ్చినవాడికి సందర్భం చూస్తే తెలిసిపోతుంది. మాట జనం నోట్లో ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ లేదు. నోట్లోంచి జారిపోయాకే సమస్య.

ఒకప్పుడు ఈ పేరు జనం నోట్లోనే ఉంది. దానికి రాళ్లూ పెంకులూ సాక్ష్యం. ఇప్పటి జోర్డాన్‌లో ధీబాన్ అనే చోట 1868లో ఒక నల్లరాతి శాసనం బయటపడింది. క్రీ.పూ. 9వ శతాబ్దంలో మోయాబు రాజు మేషా వేయించింది, ఇప్పుడు పారిస్‌లో లూవ్ మ్యూజియంలో ఉంది. ఇశ్రాయేలు మీద గెలిచానని చెప్పుకుంటూ, ఈ నాలుగక్షరాల దేవుడి పాత్రలు పట్టుకొచ్చి మా దేవుడు కెమోషు ముందు పెట్టానని రాయించుకున్నాడు. అంటే శత్రువుకి కూడా తెలిసిన పేరు.

నాకు దానికన్నా ఇష్టమైనవి యూదా రాజ్యంలోని లాకీషు అనే ఊళ్లో దొరికిన ఉత్తరాలు. బబులోను సైన్యం యూదా రాజ్యం మీదికి వస్తున్న రోజులు, క్రీ.పూ. 6వ శతాబ్దం మొదట్లో సంగతి. కింది స్థాయి సైనికాధికారి తన పై అధికారికి కుండ పెంకుల మీద సిరాతో ఉత్తరాలు రాశాడు. 1930లలో తవ్వకాల్లో దొరికాయి. మనం "క్షేమం, క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టినట్టు, ఆయన ఇలా మొదలుపెట్టాడు: యహ్వహ్ నా ప్రభువుకి మంచి వార్త వినిపించుగాక. ఇందులో "నా ప్రభువు" ఎవరు? దేవుడు కాదండీ, పై అధికారి. హీబ్రూలో ఆ మాట "అదోనీ". ఒకే వాక్యంలో దేవుడి పేరు మామూలుగా రాశాడు, అధికారిని అదోనీ అన్నాడు. ఈ అదోనీని గుర్తుపెట్టుకోండి. దీని చుట్టమే కొన్ని వందల ఏళ్ల తర్వాత దేవుడి పేరు కూర్చునే చోట కూర్చుంటుంది.

మరి పలకడం ఎందుకు మానేశారు? దేవుడి నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించకూడదన్న ఆజ్ఞ ఒకటి ఉంది. వ్యర్థంగా పలకొద్దంటే అసలు పలక్కపోతే ఇంకా భద్రం కదా అన్న భయభక్తి మెల్లగా పెరిగింది. మన పాతతరం ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో చెప్పకుండా "మా ఆయన", "మావారు", "పిల్లల నాన్న" అని గడిపేసేవాళ్లు చూడండి, పేరు తెలియక కాదుగా. అలాంటిదే ఇది, కాకపోతే ఇక్కడ జాతి మొత్తం చేసింది. ధర్మశాస్త్రం, అంటే బైబిల్లోని మొదటి ఐదు పుస్తకాలు, చదివేటప్పుడు ఆ నాలుగక్షరాలు రాగానే "అదోనాయ్" అనేవాళ్లు, అంటే నా ప్రభువు. మామూలు మాటల్లో అయితే "హషెమ్", అంటే ఆ నామం. ఈరోజుకీ యూదులు అలాగే అంటారు. యెరూషలేము దేవాలయం నిలబడి ఉన్నప్పుడు, ప్రాయశ్చిత్త దినాన ప్రధాన యాజకుడు ఆ పేరు పైకి పలికేవాడని, అది వినగానే జనం సాష్టాంగపడేవాళ్లని యూదుల పాత నియమాల సంకలనం మిష్నా చెబుతుంది. క్రీ.శ. 70లో రోమన్లు దేవాలయాన్ని కూల్చేశారు. పేరు పలికే ఆ ఒక్క చోటు కూడా పోయింది.

ఇక మొదటి అనువాదం. క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో యూదులు ధర్మశాస్త్రాన్ని గ్రీకులోకి తెచ్చారు. దాన్ని సెప్టువజింత్ అంటారు. లేవీయకాండం 24:16లో హీబ్రూ మాటకి దేవుడి నామాన్ని దూషించినవాడు అన్న అర్థమూ రావచ్చు, ఊరికే పలికినవాడు అన్న అర్థమూ రావచ్చు. గ్రీకు అనువాదకులు రెండోదే తీసుకున్నారు. ప్రభువు నామాన్ని పలికినవాడు చావాలి అని రాశారు. పేరు పలకని అలవాటు అప్పటికే ఎంత గట్టిపడిందో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

పేరు ఉన్న చోట మాత్రం వాళ్లంతా ఒకే పని చేయలేదు. మనకి దొరికిన పాత గ్రీకు ముక్కలు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఈజిప్టులో దొరికిన ద్వితీయోపదేశకాండం పపైరస్ ఒకటి ఉంది, క్రీ.పూ. 1వ శతాబ్దం నాటిది. చుట్టూ గ్రీకు, పేరు వచ్చిన చోట మాత్రం హీబ్రూ అక్షరాలు. మృత సముద్రం దగ్గర దొరికిన ఒక లేవీయకాండం ముక్కలో గ్రీకు అక్షరాలతోనే "యావో" అని ఉంది. అదే ప్రాంతంలో దొరికిన చిన్న ప్రవక్తల (బైబిల్లోని పన్నెండు చిన్న ప్రవచన పుస్తకాల) గ్రీకు చుట్టలో అప్పటికే వాడుక తప్పిన పురాతన హీబ్రూ లిపిలో ఆ పేరు రాశారు. ఆ లిపి అక్కడ చదవడానికి కన్నా, చదివేవాణ్ణి ఆపడానికి అన్నట్టు ఉంటుంది.

హీబ్రూ రాని గ్రీకు పాఠకుల తంటా గురించి, బైబిల్ని లాటిన్‌లోకి తెచ్చిన జెరోము చెప్పిన ముచ్చట ఒకటుంది. గ్రీకు పుస్తకం మధ్యలో ఆ నాలుగు హీబ్రూ అక్షరాలు చూసి, అవి గ్రీకు అక్షరాలే అనుకుని, ఎడమ నుంచి కుడికి "పిపి" అని చదివేవాళ్లట! ఆకారంలో నిజంగానే అలా కనిపిస్తాయి. భయంతో దాచిపెట్టిన పేరు చివరికి పిపి అయి కూర్చుంది.

క్రీ.శ. 4వ శతాబ్దపు పెద్ద క్రైస్తవ గ్రీకు ప్రతులకి వచ్చేసరికి ఈ గజిబిజి ఏమీ లేదు. అంతటా "కిరియోస్", ప్రభువు. అదోనాయ్‌కి గ్రీకు మాట అన్నమాట. జెరోము లాటిన్‌లో "దోమినుస్" అన్నాడు. లూథర్ జర్మన్‌లో "హెర్" అని పెద్దక్షరాలతో అచ్చువేయించాడు. ఇంగ్లిష్‌లో లార్డ్. ఈ వరసంతా చదివిన మాట తాలూకు సంతానం. దాచిపెట్టారు అనేవాళ్లకి నేను చెప్పేది ఇదే, ఈ అలవాటు మొదలుపెట్టింది ఏ చర్చీ కాదు, ఆ పేరుని అందరికన్నా ఎక్కువ గౌరవించినవాళ్లు.

మరి యెహోవా ఎక్కడిది? గలిలయ సముద్రం ఒడ్డున తిబెరియలో మసొరేతులనే యూదు పండితులు ఉండేవాళ్లు. క్రీ.శ. 7 నుంచి 10వ శతాబ్దం వరకు వాళ్లు చేసిన పెద్ద పని, హల్లుల కిందా మీదా చుక్కలు, గీతలు పెట్టి అచ్చులు చూపించడం. పరిశుద్ధ గ్రంథంలో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు, చదవాల్సింది మాత్రం గుర్తుచేయాలి. కాబట్టి ఆ నాలుగు హల్లులకి అదోనాయ్‌లోని అచ్చులు తగిలించారు. దీన్ని చూసి అదోనాయ్ అను అని అర్థం. అదోనాయ్‌లో అచ్చులు అ, ఓ, ఆ. మొదటిది యోద్ కిందకి రాగానే హీబ్రూ వ్యాకరణం ప్రకారం పొట్టి "ఎ"లా వినిపించే గుర్తు అవుతుంది. ఇప్పుడు హల్లులూ అచ్చులూ కలిపి చదవండి: యె, హో, వా. చాలా ప్రతుల్లో మధ్యలోని "ఓ" కూడా పెట్టరు. 1008 నాటి హీబ్రూ బైబిల్ ప్రతి, లెనిన్‌గ్రాడ్ ప్రతిలో ఎక్కువ చోట్ల అంతే. తెలిసినవాడికి ఆ మాత్రం సైగ చాలు.

యూదు పాఠకుడికి సైగ అర్థమైంది. ఐరోపా క్రైస్తవ పండితులు మాత్రం ఉన్నది ఉన్నట్టు చదివేశారు. 13వ శతాబ్దం నుంచే లాటిన్ రాతల్లో ఇలాంటి రూపాలు మొదలయ్యాయి. 1530లో విలియం టిండేల్ ఇంగ్లిష్ పంచకాండాల్లో, నిర్గమకాండం 6:3 దగ్గర ఈ పేరు అచ్చువేశాడు. ఎక్కడ లార్డ్ అని పెద్దక్షరాల్లో కనిపించినా హీబ్రూలో ఉన్నది ఈ పేరేనని పాఠకుడికి చెప్పాడు కూడా, అచ్చుతప్పు పడితే తప్ప అని ఒక మాట కలిపి. 1611 కింగ్ జేమ్స్ బైబిల్లో స్థలాల పేర్లు పక్కనపెడితే ఇది 4 చోట్ల మాత్రమే ఉంది. 1901లో అమెరికన్ స్టాండర్డ్ వెర్షన్ అంతటా జెహోవా పెట్టింది. దాన్ని సవరించి 1952లో తెచ్చిన రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్ మళ్లీ లార్డ్‌కి వెళ్లిపోయింది.

తెలుగు సంగతి. 19వ శతాబ్దంలో విశాఖపట్నంలో లండన్ మిషన్ వాళ్లు పాత నిబంధన తెలుగు చేసే పనిలో ఉన్నప్పుడు, పాశ్చాత్య ప్రొటెస్టెంట్లలో బాగా చెల్లుబాటులో ఉన్న రూపం యెహోవాయే. ఇంగ్లిష్ బైబిల్‌లాగా 4 చోట్లతో సరిపెట్టకుండా మన పాత అనువాదం పాత నిబంధన పొడుగునా ఆ పేరు నిలబెట్టింది. నా మటుకు నాకు ఇది మంచి నిర్ణయమే. ఉచ్చారణ అటూ ఇటూ అయినా, ఇక్కడ ఒక పేరు ఉందన్న సంగతి తెలుగు పాఠకుడికి కనిపిస్తుంది. యెహెజ్కేలు గ్రంథంలో "ప్రభువైన యెహోవా" అని మాటిమాటికీ వస్తుంది కదా. అక్కడ హీబ్రూలో అదోనాయ్ పక్కనే ఆ నాలుగక్షరాలు ఉన్నాయి. అదోనాయ్ అదోనాయ్ అని రెండుసార్లు చదవలేరు కాబట్టి యూదులు రెండోదాన్ని ఎలోహిమ్ అంటారు. అందుకే ఇంగ్లిష్‌లో "లార్డ్ గాడ్" అయింది. తెలుగులో ఆ డొంకతిరుగుడు లేదు.

అసలు ఉచ్చారణ యాహ్వే అయ్యుండొచ్చని ఇవాళ ఎక్కువమంది పండితులు అంటారు. క్రీ.శ. 5వ శతాబ్దంలో థియోడొరెట్ అనే బిషప్పు సమరయుల నోట ఈ పేరు "యాబే" అని వినిపిస్తుందని గ్రీకులో రాశాడు, క్రైస్తవ రచయిత అలెగ్జాండ్రియా క్లెమెంట్ ఇచ్చిన రూపం కూడా దానికి దగ్గరగానే ఉంది. ఈ పేరుకి పొట్టి రూపం "యా" అన్నది మాత్రం గట్టి సంగతి. హల్లెలూయాలో చివరిది అదే. 150వ కీర్తన చివర తెలుగులో "యెహోవాను స్తుతించుడి" అని ఉన్న చోట హీబ్రూలో ఉన్నది హల్లెలూయా. యెషయా, యిర్మీయా, ఏలీయా పేర్ల చివరన్నీ ఆ "యా"యే. 1966లో ఇంగ్లిష్ జెరూసలేం బైబిల్ యాహ్వే అని పెట్టింది. 2008లో వాటికన్, పూజలో పాటల్లో ఆ పేరు పలకొద్దు, ప్రభువు అనే అనండని బిషప్పులకి ఉత్తరం రాసింది. మళ్లీ అదే పాత అలవాటు.

ఒక్క చోట మాత్రం తెలుగు పాఠకుడు కొంచెం నష్టపోతాడు, అది కొత్త నిబంధనలో. యోవేలు 2:32లో యెహోవా నామాన్ని బట్టి ప్రార్థించేవాళ్లు రక్షణ పొందుతారని ఉంది. రోమా 10:13లో, అంటే రోమా వాళ్లకి రాసిన ఉత్తరంలో, పౌలు ఆ మాటే ఎత్తి చెప్పాడు. మన దగ్గరున్న కొత్త నిబంధన గ్రీకు ప్రతుల్లో వేటిలోనూ ఆ నాలుగక్షరాలు లేవు, అక్కడ ఉన్నది కిరియోస్. కాబట్టి తెలుగులో ప్రభువు అయింది. గ్రీకులో చదివేవాడికి యోవేలులోనూ కిరియోసే, రోమాలోనూ కిరియోసే. పైగా నాలుగు వచనాల ముందే, 10:9లో, పౌలు యేసుని కిరియోస్ అన్నాడు. వాదన అంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తోంది. తెలుగులో ఒక చోట యెహోవా, ఇంకో చోట ప్రభువు కావడంతో ఆ ముడి కంటికి కనిపించదు. యెహోవా సాక్షుల బైబిల్లో ఈ రోమా వచనంలోనూ యెహోవా అనే పెట్టుకున్నారు. దాంతో 10:9కి, 10:13కి మధ్య తీగ తెగిపోతుంది. ఆ రెండు వచనాలూ, యోవేలు వచనమూ పక్కపక్కన పెట్టుకుని ఒకసారి చదవండి, మీకేమనిపించిందో చెప్పండి. వచ్చే వీడియోలో మృత సముద్రపు చుట్టల గురించి మాట్లాడుకుందాం. ఉంటాను.