వెయ్యికి 977: మన జనాభా లెక్కల్లో ఆడవాళ్లు ఎక్కడున్నారు?

[దృశ్యం: ఉదయం. దేవరకొండ దగ్గర ఒక ఊరు. ఇంటి అరుగు మీద కాగితాల కట్టతో కూర్చున్న టీచరు. ఎదురుగా ఇంటాయన. లోపల గిన్నెల చప్పుడు.]

"మీ ఆమె ఏం పని చేస్తది?"

"పనేం లేదు సారూ. ఇంట్లనే ఉంటది."

ఈ మాట నేను 2011 ఫిబ్రవరిలో మా ఇంటి అరుగు మీద విన్నాను. అన్నది మా చిన్నాయన. ఆయన అలా అంటున్న సమయానికి మా చిన్నమ్మ ఇంట్లో లేదు. తెల్లారకముందే బర్రె పాలు పిండి, ఊడ్చి, వండి, గడ్డి కోసుకొద్దామని చేనుకు పోయింది. చిన్నాయన అబద్ధమేమీ చెప్పలేదు. జీతమొచ్చేదే పని అని ఆయన నమ్మకం, అంతే. లెక్క రాయడానికి వచ్చిన సారు ఓపికగల మనిషి. "చేన్ల కలుపు ఎవరు తీస్తరు? పత్తి ఎవరు ఏరుతరు? బర్రెకు మేత ఎవరేస్తరు?" అని అడిగాడు. మూడింటికీ జవాబు ఒకటే. దాంతో చిన్నమ్మ పేరు పక్కన రాసేది మారిపోయింది.

ఆ సారు ఒక్క ప్రశ్నతో ఆపేసి ఉంటే? ఈ వీడియో చేయాలని నాకు అనిపించింది ఆ ఒక్క అనుమానంతోనే.

[తెర మీద: మహబూబ్‌నగర్ 977. నల్లగొండ 983.]

ముందు అందరికీ తెలిసిన అంకె చూద్దాం. వెయ్యి మంది మగవాళ్లకు ఎంత మంది ఆడవాళ్లున్నారో చెప్పేదాన్ని లింగ నిష్పత్తి అంటారు. 2011 లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా జనాభా 40,53,028. అందులో మగవాళ్లు 20,50,386, ఆడవాళ్లు 20,02,642. అంటే ఆడవాళ్లు సుమారు 48 వేల మంది తక్కువ. ఉమ్మడి నల్లగొండ జనాభా 34,88,809. ఇక్కడ తేడా సుమారు 31 వేలు. ఇప్పుడు ఈ రెండు జిల్లాలు ఎనిమిదయ్యాయి. నల్లగొండలోంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వచ్చాయి. పాలమూరులోంచి, అంటే మహబూబ్‌నగర్‌లోంచి, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, ఆ తర్వాత నారాయణపేట వచ్చాయి. నేను మాత్రం పాత జిల్లాల అంకెలే చెప్తున్నాను, ఎందుకంటే ఆ లెక్క జరిగింది వాటి పేరు మీదే.

[తెర మీద తెలంగాణ పటం. ఒక్కో జిల్లా మీద ఒక్కో అంకె వెలుగుతుంది.]

ఇప్పుడు పటంలో పైకి చూడండి. నిజామాబాద్ 1040. కరీంనగర్ 1008. కిందికి రండి, రంగారెడ్డి 961, హైదరాబాద్ 954. నిజామాబాద్‌లో ఆడపిల్లల్ని బాగా చూసుకుంటారు, హైదరాబాద్‌లో చూసుకోరు అని దీనికి అర్థమా? తొందరపడకండి. నిజామాబాద్, కరీంనగర్ మగవాళ్లు ఎంతో మంది దుబాయ్, మస్కట్‌లలో ఉన్నారు. దేశం దాటి ఉన్నవాళ్లు మన లెక్కలోకి రారు. మగవాళ్లు తగ్గితే వెయ్యికి ఆడవాళ్ల సంఖ్య దానంతటదే పెరుగుతుంది. హైదరాబాద్‌లో దీనికి తలకిందులు. పని కోసం ఒంటరిగా వచ్చిన మగవాళ్లు అక్కడ నిండి ఉంటారు.

మరి పాలమూరు సంగతి? వలస అంటేనే పాలమూరు కదా. కానీ మనవాళ్ల వలస వేరే తీరు. కూలీల్ని పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఆలుమగలు జంటగా పోతారు. చంకలో చంటిదాన్ని వేసుకుని ముంబై, పుణె, హైదరాబాద్ పోతారు. ఊళ్లో ముసలివాళ్లు, బడికి పోయే పిల్లలు మిగులుతారు. ఇద్దరూ కలిసి పోతారు కాబట్టి గల్ఫ్ జిల్లాల్లోలాగా ఈ వలస నిష్పత్తిని పెద్దగా పైకి లేపదు. పైగా ఆ లెక్క జరిగింది 2011 ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు, సరిగ్గా వలస కాలంలో. ఆ రోజులన్నీ ఊళ్లో లేని మనిషిని ఎక్కడుంటే అక్కడే లెక్కపెడతారు. అలా పాలమూరు మనుషులు ఎందరో మహారాష్ట్ర లెక్కలో చేరిపోయారు.

అందుకే నన్నడిగితే, మొత్తం నిష్పత్తి చూసి సంతోషపడొద్దు, బాధా పడొద్దు. చూడాల్సింది ఇంకో అంకె ఉంది.

[తెర నల్లబడుతుంది. "0–6" అని మాత్రమే కనిపిస్తుంది.]

సున్నా నుంచి ఆరేళ్ల పిల్లలు. వీళ్లు దుబాయ్ పోరు, మేస్త్రీ పనికి పోరు. వీళ్ల సంఖ్యలో తేడా ఉంటే వలస మీద నెట్టేయలేం.

సహజంగా ఎక్కడైనా మగపిల్లలు కొంచెం ఎక్కువ పుడతారు. వెయ్యి మంది మగపిల్లలకు దాదాపు 950 మంది ఆడపిల్లలు. ఇది ప్రకృతి లెక్క. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో ఆరేళ్లలోపు పిల్లల నిష్పత్తి 961. 2011కి వచ్చేసరికి 939. అదే పదేళ్లలో మొత్తం జనాభా నిష్పత్తి మాత్రం 978 నుంచి 993కి పెరిగింది. పెద్దవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ కాలం బతుకుతున్నారు కాబట్టి మొత్తం మెరుగ్గా కనిపించింది. ఆ మెరుగుదల వెనక పసివాళ్ల అంకె పడిపోయింది. పైపైన చూసినవాళ్లు "లింగ నిష్పత్తి పెరిగింది" అని చప్పట్లు కొట్టారు.

పదేళ్లలో 22 పాయింట్లు పడిపోవడం చిన్న విషయం కాదు. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడాన్ని నిషేధించే చట్టం 1994లోనే వచ్చింది. చట్టం ఉన్న పదేళ్లలోనే ఈ అంకె పడింది. మన దేవరకొండ, చందంపేట తండాల్లో ఆడబిడ్డల్ని అమ్ముకున్నారని పేపర్లలో ఎన్నో ఏళ్లు చదివాం. ఆ వార్తలతో చాలామంది "అది తండాల సమస్య" అని చేతులు దులిపేసుకున్నారు. నాకు ఆ మాట వింటే కోపం వస్తుంది. స్కానింగ్ మిషన్ తండాలో ఉండదు, పట్నంలో ఉంటుంది. దాని దగ్గరికి పోవాలంటే చేతిలో పైసలుండాలి. బిడ్డను పెంచలేక వదులుకున్న తల్లి పేదరికం ఒకటి, పుట్టకముందే వద్దనుకున్న ఇంటి కట్నం లెక్క ఇంకొకటి. రెండింటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

[దృశ్యం: పెళ్లి బాజా. కారెక్కుతున్న పెళ్లికూతురు.]

ఇప్పుడు నన్ను బాగా ఆశ్చర్యపరిచిన కాలమ్. వలస అనగానే మనకు నెత్తిన మూటతో మేస్త్రీ పనికి పోయే మగమనిషి గుర్తొస్తాడు కదా? 2011 లెక్కల ప్రకారం దేశంలో వేరే చోటి నుంచి వచ్చి ఉంటున్నవాళ్లు 45 కోట్లకు పైనే. వాళ్లలో మూడింట రెండొంతులు ఆడవాళ్లు. "ఎందుకొచ్చారు?" అనే ప్రశ్నకు వాళ్లలో ఎక్కువ మంది జవాబు ఒకటే: పెండ్లి. కల్వకుర్తిలో పుట్టి మిర్యాలగూడకు కోడలుగా వచ్చిన ప్రతి ఆమె లెక్కల భాషలో వలస మనిషే. మా అమ్మ కూడా. ఆమెను మేమెప్పుడూ అలా అనుకోలేదు.

చదువు సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది మీకు తెలిసిందే. నల్లగొండలో చదవడం, రాయడం వచ్చిన మగవాళ్లు నూటికి 74, ఆడవాళ్లు 54. మహబూబ్‌నగర్‌లో మొత్తమే 55 శాతం, ఆడవాళ్లలో సగం కూడా లేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పటి 23 జిల్లాల్లో చివరి స్థానం మన పాలమూరుదే.

వయసు కాలమ్‌లో ఇంకో విషయం ఉంది. మా నానమ్మ తన వయసు ఎప్పుడూ సంవత్సరాల్లో చెప్పలేదు. "సాగర్ డ్యాముకు నెహ్రూ రాయి వేసిన యాడాది నా లగ్గమైంది" అనేది. అది 1955 డిసెంబర్. ఇంకొందరు రజాకార్ల కాలం, పోలీస్ యాక్షన్ గుర్తుపెట్టుకుని చెప్తారు. అలా గుర్తు పట్టి రాసే ఓపిక లేకపోతే అరవయ్యో డెబ్బయ్యో రాసేసి పోతారు. బడికి పోని ఆడవాళ్లకు పుట్టిన తేదీ కాగితం ఉండదు కాబట్టి ఈ అందాజా వయసులు వాళ్లకే ఎక్కువ పడతాయి. ఆ కాగితం లేని నష్టం పింఛన్‌కు పోయినప్పుడు కూడా తెలుస్తుంది.

[దృశ్యం: పత్తి చేను. వంగి ఏరుతున్న చేతులు మాత్రమే.]

మళ్లీ మా అరుగు దగ్గరికి వస్తాను. జనగణనలో ఆరు నెలలు, ఆపైన పనిచేస్తే ప్రధాన కార్మికులు. అంతకన్నా తక్కువైతే ఉపాంత కార్మికులు. కూలి తీసుకోకుండా సొంత చేనులో చేసినా పనే. ఇంట్లో వాడుకోవడానికే అయినా సరే, పాల కోసం బర్రెను సాకడం కూడా 2001 నుంచి పని కిందే లెక్క. కానీ వంట, పిల్లల పెంపకం, నీళ్లు మోయడం, కట్టెలు తేవడం ఇప్పటికీ పని కాదు. బర్రెకు నీళ్లు పెడితే పని, పిల్లోనికి నీళ్లు పోస్తే కాదు! ఈ గీత సరైన చోట గీశారని నేను ఒప్పుకోలేను.

ఉమ్మడి రాష్ట్రంలో 2011లో పనిచేసే ఆడవాళ్లు నూటికి 36 మంది, మగవాళ్లు 57 మంది. దేశ సగటు ఆడవాళ్లకు 25.5 మాత్రమే కాబట్టి మనం నయమే అనిపిస్తుంది. నాట్ల రోజుల్లో మన పొలాల గట్ల మీద నిలబడి చూసిన ఎవరికైనా ఆ 36 నమ్మబుద్ధి కాదు. నాటు వేసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది ఎవరు? రాసినవాళ్లు కావాలని తప్పు రాశారని నేననను. "ఇంట్లనే ఉంటది" అన్న జవాబు దగ్గరే కలం ఆగిపోయింది. అదీ ఆ ఇంటి మగమనిషి ఇచ్చిన జవాబు.

2021లో జరగాల్సిన లెక్క వాయిదా పడింది. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా, అంటే ఆ రోజుకు ఎంత మంది ఉన్నారో చెప్పే తేదీగా, పెట్టారు. కాగితాల బదులు మొబైల్ యాప్‌లో ఎక్కిస్తారు, కులం కూడా అడుగుతారు. మనుషుల్ని లెక్కపెట్టేది మళ్లీ ఫిబ్రవరిలోనే. అంటే మళ్లీ వలస కాలం, మళ్లీ పత్తి ఏరే పని పూర్తిగా తెమలని రోజులు.

మా చిన్నమ్మకు ఫోన్ చేసి ఈ సంగతంతా చెప్పాను. లెక్క రాసేటోళ్లు వచ్చే రోజు ఏదో ముందే కనుక్కొని చెప్పమంది. ఆ ఒక్క రోజు చేనుకు పోకుండా ఇంట్లోనే ఉంటానంది.