ఏడు దగ్గర తేలిన సంఖ్య

శ్రోతలకు నమస్కారం. దగ్గర్లో కాగితం, పెన్ను ఉంటే తీసుకోండి. ఒక సంఖ్య చెబుతాను, రాసుకోండి. 3, 8, 1. తర్వాత 6, 5, 4. తర్వాత 7, 2, 9. మళ్లీ చెబుతున్నాను: 381, 654, 729. ముప్పై ఎనిమిది కోట్ల చిల్లర.

1 నుంచి 9 దాకా అన్ని అంకెలూ ఒక్కొక్కసారే వచ్చాయి. అసలు అందం అది కాదు. ఎడమవైపు నుంచి మొదటి రెండు అంకెలు చూడండి, 38. అది 2తో పోతుంది. మొదటి మూడు, 381. అది 3తో పోతుంది. 3816 నాలుగుతో, 38165 ఐదుతో... ఇలా తొమ్మిది దాకా. ఎక్కడా శేషం మిగలదు.

ఈ తొమ్మిది అంకెలనూ అటూ ఇటూ మార్చి 3,62,880 సంఖ్యలు రాయొచ్చు. అన్నిటిలోనూ ఈ గుణం ఉన్నది ఇదొక్కటే. అవును, ఇదొక్కటే. దీన్ని తేల్చడానికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. నాకు బాగా ఇష్టమైనది అదే.

సున్నా లేదు కాబట్టి ఐదో స్థానంలో 5 తప్ప ఇంకేదీ కుదరదు. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది స్థానాల్లో సరి అంకెలే ఉండాలి. అంటే నాలుగో అంకెకు ముందు బేసి అంకె ఉంటుంది. బేసి పక్కన 4 గానీ 8 గానీ పెట్టి చూడండి: 14, 18, 34, 38. ఏదీ 4తో పోదు. కనుక అక్కడ 2 లేదా 6 రావాలి. ఎనిమిదో స్థానంలోనూ అంతే. ఇక మూడేసి అంకెల కూడిక 3తో పోవాలి కాబట్టి, నడిమి మూడు అంకెలు 258 గానీ 654 గానీ అవుతాయి. ఇలా జల్లెడ పడితే చివరికి మిగిలేవి పది సంఖ్యలు.

ఆ పదిలో ఒకటి ఏదో తెలుసా? 987654321! తొమ్మిది నుంచి ఒకటికి వరసగా దిగే సంఖ్య. అది 2కు నిలుస్తుంది, 3కు నిలుస్తుంది, 8కి కూడా నిలుస్తుంది: 98765432ను 8తో భాగిస్తే 12345679 వస్తుంది. ఎంత ముచ్చటగా ఉందో! కానీ 9876543ను 7తో భాగించండి, శేషం 5. అక్కడ ఆగిపోయింది. మిగతా ఎనిమిదీ అక్కడే ఆగిపోతాయి. మన సంఖ్య ఒక్కటే ఏడును దాటుతుంది: 7 పెట్టి 5,45,221 సార్లు, సరిగ్గా 38,16,547.

తొమ్మిది దగ్గర భయం లేదు. అంకెలన్నీ కలిపితే 45, ఏ వరసలో పెట్టినా 9తో పోతుంది.

పిల్లలకు భాగాహారం నేర్పేవాళ్లకు ఒక మాట. లెక్కల పేజీ ఇచ్చే బదులు ఈ సంఖ్య ఇచ్చి చూడండి. 2 నుంచి 9 దాకా ఎనిమిది లెక్కలు. శేషం వచ్చిందంటే ఎక్కడో తప్పు చేశామని వాళ్లకే తెలిసిపోతుంది. జవాబు కోసం వేరే పుస్తకం వెతుక్కోనక్కర్లేదు.

అన్నట్టు, మిగిలిపోయిన సున్నాను కూడా చివర్లో రాసేయండి. 3816547290. పదితో కూడా పోయింది.