ఇరవై మార్కులు ఇంటూ ఐదు

హోస్ట్: నమస్కారం. ఇవాళ మనతో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు లెక్కల సారు ఉన్నారు. పేరు చెప్పొద్దన్నారు, డిపార్టుమెంటు సంగతి తెలిసిందే కదా. అందుకని ఎపిసోడంతా ‘సార్’ అనే పిలుస్తాను. నేను తెలంగాణలో 2020 టెన్త్ బ్యాచ్. మార్చిలో మూడు పేపర్లు రాసి, మిగతావి రాయకుండానే పాసైపోయిన 5.34 లక్షల మందిలో ఒకదాన్ని. మమ్మల్ని ఇప్పటికీ ‘కరోనా పాస్’ అంటారు సార్. మాకిచ్చిన గ్రేడ్లు న్యాయమైనవేనా?

సార్: కొందరికి న్యాయమే జరిగిందమ్మా, కొందరికి మాత్రం గట్టి దెబ్బే తగిలింది. ఆ దెబ్బ ఎవరికి తగిలిందో తెలియాలంటే గ్రేడు ఎక్కణ్నుంచి వచ్చిందో చూడాలి. మామూలు ఏడాదైతే సబ్జెక్టుకు 80 మార్కులు పబ్లిక్ పరీక్షకు, 20 స్కూల్లో పెట్టే ఫార్మేటివ్ అసెస్‌మెంట్లకు, అవే ఎఫ్‌ఏలు. జూన్ 8న పరీక్షలు రద్దయ్యాక చేతిలో మిగిలింది ఆ 20 మాత్రమే. దాన్ని ఐదుతో హెచ్చవేసి వందకు చేశారు.

హోస్ట్: ఎఫ్‌ఏ అంటే మాకు గుర్తున్నది ప్రాజెక్టులు, స్లిప్ టెస్టులు.

సార్: నాలుగు ముక్కలు. క్లాసులో పాల్గొన్నందుకు ఐదు, రాత పనులకు ఐదు, ప్రాజెక్టుకు ఐదు, స్లిప్ టెస్టుకు ఐదు. ఇందులో స్లిప్ టెస్టుకైతే కాగితం ఉంటుంది, అడిగితే తీసి చూపించొచ్చు. మిగతా పదిహేనూ టీచరు చెయ్యి ఎంత ధారాళం అన్నదాని మీదే. ప్రాజెక్టులు చూడాలి నువ్వు. ఇంటర్నెట్ సెంటర్లో తీసిన ప్రింట్లు అట్టమీద అంటించి తెస్తారు. అవే బొమ్మలు, అదే వాక్యం, పది అట్టల మీద. ఒక సారు ఐదుకి ఐదు వేస్తాడు, ఇంకో సారు మూడు వేస్తాడు. మామూలు రోజుల్లో ఆ తేడాను ఎవడూ పట్టించుకోడు. ఎలాగూ 80 మార్కుల పరీక్ష ఉంది, అక్కడ తేలిపోతుంది.

హోస్ట్: మాది ప్రైవేటు స్కూలు సార్. ఎఫ్‌ఏ-4 పెట్టినట్టే నాకు గుర్తులేదు. మార్కులు మాత్రం పడ్డాయి, 20కి 20.

సార్: మరి! పిల్లలకు సాయం చేశామనే అనుకున్నారు పాపం. పరీక్షలు రద్దవుతాయని కలగన్నారా? 2019లో రాష్ట్రం మొత్తం మీద పదికి పది జీపీఏ వచ్చినవాళ్లు తొమ్మిది వేల లోపు. 2020లో లక్షా నలభై వేలు దాటారు. 2021లో ఒక్క ఎఫ్‌ఏ-1 మీదే గ్రేడ్లు ఇస్తే 2 లక్షల 10 వేల పైచిలుకు. పరీక్షకు రావాల్సిన 5.21 లక్షల మందిలో అన్నమాట. ఐదుగురిలో ఇద్దరు టాపర్లే.

హోస్ట్: అందరికీ పదొస్తే నష్టం ఏముంది సార్? ఎవరి సీటూ పోలేదుగా.

సార్: పోయింది. బాసర ట్రిపుల్ ఐటీ సంగతి చెప్తాను విను. అప్పట్లో అక్కడ సీటు టెన్త్ జీపీఏ మీదే ఇచ్చేవారు. ప్రభుత్వ బడి పిల్లలకు దానికి 0.4 కలిపేవారు. అంటే మా బడి పిల్లకు 9.8 వచ్చినా 10.2 అయ్యేది, పది వచ్చిన ప్రైవేటు పిల్లల కన్నా పైనే ఉండేది. కాబట్టి 2020లో అసలు పోటీ మా పిల్లలకూ ప్రైవేటు వాళ్లకూ మధ్య కాదు. మాలో మాకే.

హోస్ట్: అర్థం కాలేదు సార్.

సార్: లెక్క వేద్దాం. హిందీ పక్కన పెట్టు, అక్కడ హద్దులు వేరు. నా సబ్జెక్టులో ఒక పిల్లకు సగటున 20కి 18 వేశాననుకో. ఇంటూ ఐదు, 90. ఏ-1 మొదలయ్యేది 91 నుంచి. ఏ-2 పడుతుంది, తొమ్మిది పాయింట్లు. మిగతా ఐదు సబ్జెక్టుల్లో పదేసి వచ్చినా మొత్తం 59, ఆరుతో భాగిస్తే 9.8. పక్క మండలంలో అలాంటి పిల్లకే ఇంకో సారు 19 వేశాడు. 95, ఏ-1, పదికి పది. ఆ పిల్ల 10.4, మా పిల్ల 10.2. అసలు పరీక్షలో 80కి 78 తెచ్చుకుని ఆ ఒక్క మార్కును ఎగరగొట్టే పిల్లే అయ్యుండొచ్చు. ఆ అవకాశమే లేకుండా పోయింది. పోనీ నేను తప్పు వేశానా అంటే, నోట్సు సగం రాసిన పిల్లకు 18 వేయడం తప్పా?

హోస్ట్: ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు.

సార్: అదే. ఇక స్కోరు సమానమైతే లెక్కల గ్రేడు చూసేవారు, తర్వాత సైన్సు... అన్నీ సమానమైతే పుట్టిన తేదీ. అందరికీ ఏ-1లే ఉంటే ఇంక గ్రేడు తేల్చేదేముంది? ఎవరు ముందు పుడితే వాళ్లదే సీటు!

హోస్ట్: తర్వాతి ఏడాది బాసరకు పాలిసెట్ ర్యాంకు అడిగారు కదా?

సార్: అడిగారు. ఆంధ్రాలో ట్రిపుల్ ఐటీలకు 2020లోనూ 2021లోనూ ఏకంగా వేరే ఎంట్రన్సే పెట్టారు. గ్రేడ్లను సర్కారే నమ్మలేదని ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఎంసెట్‌లోనూ అంతే, ఇంటర్ మార్కులకు ఉండే 25 శాతం వెయిటేజీ 2021లో ఎత్తేశారు. సరే, ఎంట్రన్సు అందరికీ ఒకటే కదా అంటావేమో. కోచింగ్ అందరికీ ఒకటి కాదే! మండలంలో ఫస్టు వచ్చే పిల్లకు ఊళ్లో కూర్చుని చదువుకుంటే వచ్చేది ఆ జీపీఏ ఒక్కటే. దాని విలువ పోయాక ఆ పిల్ల చేతిలో ఏమీ మిగల్లేదు.

హోస్ట్: సీబీఎస్ఈ వాళ్లు మాత్రం చాలా పద్ధతిగా చేశారంటారు. 2021లో పన్నెండో తరగతికి 30, 30, 40 ఫార్ములా.

సార్: పద్ధతిగానే చేశారు. టెన్త్ నుంచి 30 శాతం, పదకొండు నుంచి 30, పన్నెండులో పెట్టిన పరీక్షల నుంచి 40. పైగా స్కూళ్లు ఇష్టమొచ్చినట్టు వేయకుండా, గత మూడేళ్లలో ఆ స్కూలుకు బాగా వచ్చిన ఏడాది సగటును రెండు మార్కులకు మించి దాటొద్దని కళ్లెం వేశారు. ఫార్ములా ముందే చెప్పారు, ఒప్పుకోనివాళ్లకు తర్వాత పరీక్ష రాసే వీలిచ్చారు. నాకు నచ్చింది. కానీ ఆ కళ్లెం ఉంది చూశావూ, ఎన్నడూ ఫస్ట్ క్లాసులు చూడని స్కూల్లో ఆ ఏడు ఒక చురుకైన బ్యాచ్ పడితే వాళ్ల గతేం కాను? సీనియర్లు చదవని పాపానికి వీళ్లు మార్కులు వదులుకోవాలి.

హోస్ట్: ఇంగ్లండ్‌లో కూడా అదే గొడవ కదా. మా పిన్ని వాళ్లు అక్కడే ఉంటారు. 2020 ఆగస్టులో పిల్లలు రోడ్డెక్కారని చెప్పింది.

సార్: అక్కడ ఇంకా ఘోరం. టీచర్లు వేసిన ఏ-లెవెల్, అంటే మన ఇంటర్ లాంటి పరీక్ష, గ్రేడ్లను ఆఫ్‌క్వాల్ అనే సంస్థ కంప్యూటర్ లెక్కలో వేసి, దాదాపు 40 శాతం గ్రేడ్లు తగ్గించింది. స్కూలు పాత ఫలితాలే ఆ లెక్కకు ఆధారం. క్లాసులో ఐదుగురో అంతకన్నా తక్కువో ఉంటే మాత్రం టీచరు మాటే ఫైనల్. ఐదుగురితో క్లాసు నడిపేది ఎవరు? ఎక్కువగా ఫీజులు దండిగా కట్టించుకునే స్కూళ్లు. నాలుగు రోజుల్లో వెనక్కి తగ్గి టీచర్ల గ్రేడ్లే ఇచ్చారులే.

హోస్ట్: మా బ్యాచ్ కథ టెన్త్‌తో అయిపోలేదు సార్. ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు కూడా లేవని సెకండియర్‌కు పంపారు. తీరా 2021 అక్టోబరులో, సెకండియర్ సగంలో ఉండగా, ఫస్టియర్ పరీక్షలు పెట్టారు. డిసెంబర్‌లో రిజల్టు, 49 శాతం పాస్. ఆ టెన్షన్ మామూలుది కాదు. నాకు కెమిస్ట్రీ బొటాబొటిగా గట్టెక్కింది.

సార్: గొడవలై, వారం దాటగానే ఫెయిలైన వాళ్లందరికీ 35 వేసి పాస్ చేశారు. ‘చూశారా, టెన్త్ గ్రేడ్లు అబద్ధమని తేలింది’ అని స్టాఫ్ రూములో మావాళ్లే అన్నారు. నేను ఒప్పుకోను. ఆ ఏడు చదువెక్కడ సాగింది? టీవీలో యాదగిరి చానెల్, టీశాట్ పాఠాలు. ఇంట్లో ఒక ఫోను, దాన్ని నాన్న పొలానికి పట్టుకుపోతాడు. పరీక్ష తూచింది ఆ ఏడాది చదువునే. మీ టెన్త్ తెలివిని కాదు.

హోస్ట్: అంటే పరీక్ష కూడా న్యాయం కాదంటారా?

సార్: గుడ్డి కన్నా మెల్ల నయం. నా స్లిప్ టెస్టు కాగితాన్ని పక్క స్కూలు సారు దిద్దాలి, ఆయన కాగితాన్ని నేను దిద్దాలి. చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగులు ఎలాగూ అవుతాయి కదా, టీ తాగి వచ్చే బదులు అక్కడ ఈ పని చేయొచ్చు. ఏటా అలా జరిగి ఉంటే 2020లో ఆ 20 మార్కులకు కొంత విలువ ఉండేది. పరీక్షలు రద్దైన రోజున నిజాయితీ కావాలంటే ఎక్కణ్నుంచి తెస్తాం?

హోస్ట్: 2024 నవంబరులో ఆ 20 ఇంటర్నల్ మార్కులే తీసేస్తామన్నారు, మర్నాడే ఆ ఏడాదికి కాదన్నారు.

సార్: ఉంచాలా తీయాలా అన్నదే చర్చ. నా మార్కుల రిజిస్టరు తెరిచి, ఈ పిల్లకు నాలుగెందుకు వేశావు, ఆ పిల్లకు ఐదెందుకు వేశావు అని అడిగినవాడు మాత్రం ఇంతవరకు ఒక్కడు లేడు.

హోస్ట్: అడిగితే చెప్పగలరా సార్?

సార్: స్లిప్ టెస్టుకైతే చెప్పగలను. ప్రాజెక్టుకు... కొంచెం ఆలోచించుకోవాలమ్మా.